నమాజులో మనసు నిలవడం లేదా? ముందు ఆ నిద్రమాత్ర సంగతి చూడండి

ప్రశ్న: నా వయసు 57. పదేళ్లుగా బీపీ, షుగర్. పొద్దున మెట్‌ఫార్మిన్, బీపీ మాత్ర, రాత్రి ప్రోస్టేట్‌కి టామ్సులోసిన్ వాడుతున్నాను. ఐదు పూటలా నమాజు చదువుతాను గానీ మనసు నిలవడం లేదు. నోరు సూరా చదువుతుంటే ధ్యాస ఎక్కడికో పోతుంది. మూడో రకాతో నాలుగోదో (నమాజులో ఒక్కో విడతని రకాతు అంటారు) గుర్తుండదు. తెల్లవారుజామున ఫజర్ నమాజులో మరీ మొద్దుగా ఉంటుంది. రాత్రి మూడుసార్లు మూత్రానికి లేస్తున్నానని స్నేహితుడు చెప్పిన ఆల్ప్రజోలమ్ 0.5 నిద్రమాత్ర మూడు నెలలుగా వేసుకుంటున్నాను. నుదురు నేలకి ఆనించే సజ్దా నుంచి లేచేటప్పుడు ఒక్కోసారి కళ్లు బైర్లు కమ్ముతాయి, వయసు కదా అనుకుంటున్నా. ఏకాగ్రతకి, జ్ఞాపకశక్తికి మంచి మందు రాయండి.

డాక్టర్ సలహా: మీరు అడిగింది ఏకాగ్రత గురించి. నాకు కంగారు పుట్టించింది మాత్రం మీరు తేలిగ్గా రాసేసిన రెండు విషయాలు. ఒకటి స్నేహితుడి నిద్రమాత్ర, రెండు ఆ బైర్లు కమ్మడం. ముందు వాటి సంగతి చూద్దాం. మిమ్మల్ని, మీ రిపోర్టులను చూడకుండా రాస్తున్నాను కాబట్టి దీన్ని ప్రిస్క్రిప్షన్ అనుకోవద్దు.

ఆల్ప్రజోలమ్ నిద్ర పట్టిస్తుంది, కాదనను. కానీ ఒంట్లో దాని మోతాదు సగానికి తగ్గడానికే సగటున 11 గంటలు పడుతుంది, వయసు పైబడితే ఇంకా ఎక్కువ. రాత్రి 10కి మింగితే, తెల్లవారి 5కి మీరు తక్బీర్ కట్టి నమాజు మొదలుపెట్టేసరికి సగానికి పైగా రక్తంలోనే ఉంటుంది. ఫజర్‌లో మొద్దుగా ఉండక ఏం చేస్తుంది? పైగా, అప్పుడే జరిగినదాన్ని గుర్తుంచుకునే శక్తిని దెబ్బతీయడం ఈ జాతి మందులకున్న లక్షణం. ఇప్పుడే లేచిన రకాతు ఎన్నోదో తెలియకపోవడం అంటే అదే కదా! ఒక చేత్తో జ్ఞాపకశక్తిని తినేసే మాత్ర వేసుకుంటూ, రెండో చేత్తో జ్ఞాపకశక్తికి మందు అడుగుతున్నారు.

అలాగని ఇది చదివి ఇవాళే ఆపేయకండి. రోజూ వాడుతున్న ఈ మాత్రను ఒక్కసారిగా మానేస్తే వణుకు, ఆందోళన, అసలు నిద్రే పట్టకపోవడం, కొందరిలో ఫిట్స్ కూడా రావచ్చు. డాక్టర్ చెప్పిన లెక్కలో, కొన్ని వారాల మీద మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. స్నేహితుడు మొదలుపెట్టించాడు సరే, మాన్పించే పద్ధతి ఆయనకి తెలుసా? పక్కవాళ్ల మాత్రలతో వచ్చే చిక్కంతా ఇక్కడే.

అసలు మీ నిద్ర చెడగొడుతున్నది మూత్రం. మూడుసార్లు ఎందుకు లేవాల్సి వస్తోందో చూడకుండా నిద్రమాత్ర వేసుకుంటే, లేవడం తప్పదు, లేచినప్పుడు తూలడం అదనం. షుగర్ అదుపు తప్పినా, ప్రోస్టేట్ పెరిగినా, గురకతో ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బు ఉన్నా రాత్రిళ్లు మూత్రం ఎక్కువవుతుంది. సాయంత్రం దాటాక తాగే కాఫీ, టీలు కూడా దీనికి తోడవుతాయి. గురక ఉందో లేదో మీకు తెలియదు, ఇంట్లోవాళ్లని అడగండి. ఉంటే మాత్రం డాక్టర్‌కి తప్పక చెప్పండి. అలాంటివారికి నిద్రమాత్ర మరింత చేటు.

ఇక బైర్లు. దాన్ని వయసు మీదికి నెట్టేయకండి. తప్పనిసరిగా చదవాల్సిన ఫర్జ్ రకాతులే రోజుకి 17, రకాతుకి రెండు చొప్పున 34 సజ్దాలు. అదనంగా చదివే సున్నత్‌లు, నఫిల్ కలిపితే ఇంకా ఎక్కువ. తల నేలకి ఆనించి నిటారుగా లేచిన ప్రతిసారీ రక్తనాళాలు చటుక్కున బిగుసుకుని రక్తాన్ని తలకి అందించాలి. బీపీ మాత్ర, టామ్సులోసిన్, పాత షుగర్ వల్ల దెబ్బతినే నరాలు, ఈ మూడూ ఆ బిగింపుని సడలించేవే. వాటికి మీరు నాలుగోదాన్ని, ఆ ఆల్ప్రజోలమ్‌ని, జత చేశారు. ఇంట్లో బీపీ మిషన్ ఉంటే ఐదు నిమిషాలు పడుకుని ఒకసారి, నిలబడ్డాక ఒక నిమిషానికి, మూడు నిమిషాలకి మళ్లీ చూసుకోండి. పడుకున్నప్పటి కంటే పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ, అంతకు మించి గానీ తగ్గితే ఆ కాగితంతో వెంటనే డాక్టర్‌ని కలవండి. పడకపోయినా వారం లోపు కలవండి, ఎందుకంటే ఒక్కసారి కొలిస్తే అది దొరకకపోవచ్చు. మాత్రల వేళలు మీ అంతట మీరు మార్చొద్దు.

కళ్ల ముందు చీకటి కమ్మడం వేరు, గది గిర్రున తిరగడం వేరు. తల వంచినప్పుడో పక్కకి తిప్పినప్పుడో కొన్ని సెకన్లు గిర్రున తిరిగితే అది లోపలి చెవి సమస్య కావచ్చు. తలని ఒక వరుసలో తిప్పి చేసే చికిత్స ఉంది, చాలామందికి ఒకటి రెండు విడతల్లోనే తగ్గుతుంది. మీకు ఏది జరుగుతోందో గమనించి చెప్పండి. అందాకా రెండో సజ్దా అయ్యాక ఒక్క ఊపిరి సేపు కూర్చుని, చేతులు ఆన్చి లేవండి. బైర్లు ఎక్కువగా ఉన్న రోజు కూర్చునే చదవండి. జబ్బు చేసినవారికి ఆ సడలింపు ఉంది, పడి తుంటి ఎముక విరగ్గొట్టుకోనక్కర్లేదు. షుగర్ ఉంది కాబట్టి ఇంకో మాట: వజూ (నమాజుకి ముందు ముఖం, కాళ్లు చేతులు కడుక్కోవడం) అయ్యాక కాలివేళ్ల సందుల్లో తడి తుడుచుకోండి, పుండ్లు అక్కడ మొదలుకావచ్చు.

డాక్టర్‌ని కలిసినప్పుడు విటమిన్ బి12 అడిగి చేయించుకోండి. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే కొందరిలో అది తగ్గుతుంది, తగ్గితే మరుపు రావచ్చు, అరికాళ్లు తిమ్మిరెక్కవచ్చు. దాంతోపాటు హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌కి), హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు), క్రియాటినిన్ (కిడ్నీలకి) చాలు. ఏకాగ్రతకని నేను రాయగల మాత్ర లేదు. జ్ఞాపకశక్తి పేరుతో అమ్మే గోలీల మీద డబ్బు పోయకండి.

ధ్యాస చెదరడం జబ్బు కాదు, అందరికీ ఉండేదే. 2010లో హార్వర్డ్ పరిశోధకులు 2,250 మందిని ఫోన్ ద్వారా వేళకాని వేళల్లో అడిగి చూస్తే, దాదాపు 47 శాతం సార్లు వాళ్ల మనసు చేస్తున్న పని మీద లేదు. నమాజులో ఇది మరీ తెలుస్తుంది, ఎందుకంటే కంఠతా వచ్చింది చదవడానికి మెదడుకి ధ్యాస అక్కర్లేదు. నోరు దాని పాటికది పోతుంది, ఖాళీగా ఉన్న మనసు దాని పాటికది. కాబట్టి అలవాటుని కాస్త చెడగొట్టాలి. ఎప్పుడూ ఇఖ్లాసే చదువుతుంటే ఈ వారం ఇంకో సూరా పట్టుకోండి. ప్రతి రకాతులో చదివే ఫాతిహా సూరాలో ఉన్నవి ఏడు ఆయతులు (వాక్యాలు), ఒక్కోదానికి మీ భాషలో అర్థం నేర్చుకుని, ఆయతుకో చోట ఆగి ఊపిరి తీసుకోండి. మీకే వినపడేంత గొంతుతో పెదవులు కదిపి చదవండి. నిలబడినప్పుడు చూపు సజ్దా చేసే చోటే ఉంచండి. నడుం వంచే రుకూలో, సజ్దాలో ఒళ్లు కుదురుకున్నాకే తస్‌బీహ్ (అల్లాహ్ స్తుతి) మొదలుపెట్టండి. ఇది బైర్లకీ మంచిదే.

మూడా నాలుగా అన్న తికమకకి కారణం ఉంది. మొదటి రెండు రకాతుల్లో ఫాతిహా తర్వాత వేరే సూరా ఉంటుంది, రెంటికీ వేర్వేరు సూరాలు పెట్టుకుంటే అదే గుర్తు. ఫర్జ్‌లో మూడు, నాలుగు మాత్రం ఒకేలా, మామూలుగా ఫాతిహాతోనే నడుస్తాయి, పట్టుకోవడానికి ఆనవాలు ఉండదు. మూడోదానికి లేస్తున్నప్పుడే ‘ఇది మూడోది’ అని మనసులో అనుకోండి. అయినా పొరబడితే, ఆ పొరపాటుకి చేసే సజ్దా సహూ ఉండనే ఉంది, ఆ మసలా (నియమం) ఇమాం గారిని అడగండి.

మూత్రం ఆపుకుని నిలబడకండి, ముందు వెళ్లి రండి. హదీసులోనూ అదే మాట ఉంది, కునుకు ముంచుకొస్తుంటే పడుకోమనీ ఉంది. ఫోన్ సైలెంట్‌లో జేబులో పెట్టుకుంటే చాలదు, వేరే గదిలో పెట్టండి. రాత్రి నిద్ర తెగితే మధ్యాహ్నం 20, 30 నిమిషాల కునుకు (ఖైలూలా) సరిపోతుంది. గంటలు పడుకుంటే రాత్రి నిద్ర మళ్లీ పోతుంది.

మీకు లేకపోవచ్చు గానీ, ఇది చదివేవారిలో కొందరికి పనికొస్తుంది. వజూ చెడిందేమోనని నాలుగైదుసార్లు చేయడం, తక్బీర్ సరిగా అనలేదేమోనని నమాజు మళ్లీ మళ్లీ మొదలుపెట్టడం రోజూ జరుగుతుంటే అది ఈమాన్ తక్కువై కాదు. దాన్ని వస్‌వసా (సైతాను రేపే అనుమానం) అని సరిపెట్టుకుని ఏళ్లు గడిపేస్తారు. అది ఓసీడీ (అనుమానంతో చేసిన పనే మళ్లీ మళ్లీ చేయించే మానసిక జబ్బు) కావచ్చు, చికిత్స ఉంది, సైకియాట్రిస్టుని కలవాలి.

స్పృహ తప్పి పడినా, మాట తడబడినా, మూతి వంకరపోయినా, ఒక పక్క చెయ్యి కాలు పట్టు తప్పినా, గుండెలో నొప్పి వచ్చినా క్షణం ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలి. పిలిచినా పలకకుండా కాసేపు శూన్యంలోకి చూస్తున్నారని ఇంట్లోవాళ్లు అంటే అదీ మరుపు కాదు, న్యూరాలజిస్టు చూడాలి.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు వాడుతున్న మాత్రల స్ట్రిప్పులన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి. ఆల్ప్రజోలమ్ స్ట్రిప్పు కూడా. తిడతారని దాన్ని ఇంట్లో వదిలి వెళితే, మీ బైర్లకి బీపీ మాత్ర ఒక్కటే కారణమనుకుని దాన్ని తగ్గించి పంపేసే ప్రమాదం ఉంది.