టెక్సాస్ జనాభా మీద పీజీ చేస్తానంటోంది, పంపమంటారా?

ప్రశ్న: మా అమ్మాయి ఖమ్మంలో బీఎస్సీ స్టాటిస్టిక్స్ చివరి ఏడాది. డల్లాస్‌లో మా తమ్ముడి ఇంట్లో సెలవులు గడిపి వచ్చినప్పటి నుంచి అక్కడి జనాభా మార్పుల మీదే చదువుతానంటోంది. చుట్టాలంతా కంప్యూటర్స్ చేయించమంటున్నారు. ఈ చదువుకు ఉద్యోగాలుంటాయా?

జవాబు: ఉంటాయండీ. ఈ చదువును డెమోగ్రఫీ అంటారు. మీ అమ్మాయి ఆసక్తి గాలివాటం కాదు. టెక్సాస్‌లో 2010 నుంచి 2020 మధ్య దాదాపు 40 లక్షల మంది పెరిగారు. అందులో హిస్పానిక్‌లు (స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవాళ్లు) కాని తెల్లవాళ్లు ఐదు శాతం కూడా లేరు. 2022 అంచనాల నాటికి హిస్పానిక్‌లు వాళ్లను దాటి అతిపెద్ద వర్గమయ్యారు.

హ్యూస్టన్ ఉన్న హారిస్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) బ్యాలెట్ ఇంగ్లిష్, స్పానిష్, వియత్నామీస్, చైనీస్ భాషల్లో ఇస్తారు. 1975లో దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్ పడిపోయాక వచ్చిన వియత్నాం కుటుంబాలు అక్కడ అంతగా స్థిరపడ్డాయి మరి. ఏ కౌంటీలో ఏ భాష ఇవ్వాలో అమెరికా జనగణన సంస్థ సెన్సస్ బ్యూరో లెక్కగట్టి చెబుతుంది. 'ఇంట్లో ఇంగ్లిష్ కాక వేరే భాష మాట్లాడతారా?' అన్న సర్వే ప్రశ్నకు, ఇంగ్లిష్ ఎంత బాగా వచ్చు, జాతి, పౌరసత్వం ఏమిటి అన్న ప్రశ్నలకు జనం ఇచ్చే జవాబులు ఆ లెక్కకు ఆధారం. డల్లాస్ పక్కనున్న ఫ్రిస్కో, ఇర్వింగ్‌లలో మనవాళ్లు 'తెలుగు' అని రాసేది కూడా అక్కడే. మతం మాత్రం అమెరికా సెన్సస్ అడగదు. గుళ్లు, చర్చిలు, మసీదులకు ఎంతమంది వెళ్తున్నారో వేరే సర్వేలు చేసి తేల్చాలి. నాకైతే ఈ చదువులో అసలు పని అక్కడే కనిపిస్తుంది.

కొత్త బడి ఎక్కడ కట్టాలో, ఆసుపత్రిలో ఏ భాష దుబాసీలు కావాలో చెప్పేది ఇలాంటి లెక్కలే. కాకపోతే సెన్సస్ బ్యూరో ఉద్యోగాలు మామూలుగా అమెరికా పౌరులకే. యూనివర్సిటీలు, ఆసుపత్రులు, ప్రైవేటు పరిశోధన సంస్థలనే లెక్కలో పెట్టుకోండి.

అందుకే మొదటే లక్షల అప్పు చేసి పంపొద్దు. ముంబైలోని ఐఐపీఎస్ (అంతర్జాతీయ జనాభా శాస్త్రాల సంస్థ)లో ఈ సబ్జెక్టులోనే పీజీ ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చేసేది ఆ సంస్థే. 2027 జనగణన ముందుంది, కులగణన కూడా అందులోనే. ఇక్కడా పని ఉంటుంది. ఈలోగా గణాంకాలకు వాడే ఆర్ ప్రోగ్రామింగ్, కాస్త స్పానిష్ నేర్చుకోమనండి.

ఆ తర్వాత టెక్సాసే అంటే, శాన్ ఆంటోనియోలో యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్‌ను చూడండి. డెమోగ్రఫీకి పేరున్న చోటు. ఫీజు కట్టేముందు ఆ కోర్సు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాలో ఉందా అని మెయిల్‌లో అడిగించండి. లేకపోతే చదువయ్యాక అక్కడ పనిచేసుకునే అనుమతి (ఓపీటీ) ఏడాదితోనే ఆగిపోతుంది.