అరవై దాటాక వయొలిన్ ఆన్‌లైన్‌లో వస్తుందా?

విజయనగరంలో ఉండే మీ నాన్నగారు రిటైరయ్యాక వయొలిన్ నేర్చుకుంటానంటున్నారు, ఆన్‌లైన్‌లో వస్తుందా అని అడిగారు. వస్తుంది. కాకపోతే రికార్డు చేసిన పాఠాలు కొనకండి. కమాను (తీగల మీద లాగే కర్ర) పట్టు వంకరగా ఉంటే ఆ వీడియో చెప్పదు కదా! లైవ్ క్లాసే మేలు.

అందులోనూ చిక్కుంది. వీడియో కాల్‌లో శబ్దం కాస్త ఆలస్యంగా చేరుతుంది, అందుకే ఇద్దరూ కలిసి వాయించడం కుదరదు. గురువుగారు ఒక వరస వాయించి ఆపితే, ఈయన అందుకోవాలి. పైగా జూమ్ లాంటి యాప్‌లు శ్రుతిపెట్టె మోతను గోల అనుకుని నొక్కేస్తాయి. సెట్టింగుల్లో ‘ఒరిజినల్ సౌండ్’ ఆన్ చేసి పెట్టండి.

మోకాళ్ల సంగతి కూడా చూసుకోవాలి. మన కర్ణాటక సంగీత పద్ధతిలో కింద కూర్చుని వయొలిన్ తలను కుడి చీలమండ దగ్గర ఆనించాలి. నొప్పులుంటే ముందే చెప్పండి.

అయినా వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పాఠాలు చెప్పిన ఊళ్లోనే మీ నాన్నగారు ఉన్నారు! నాయుడు గారు నేర్పిన సంగీత కళాశాల, 1919లో పెట్టింది, ఇప్పటికీ ఉంది. అక్కడ చదువుకున్నవాళ్లెవరైనా ఇంటి దగ్గర పాఠాలు చెబుతారేమో వాకబు చేయండి. పట్టు కుదిరేదాకా ఎదురుగా కూర్చుని నేర్చుకుని, తర్వాత ఆన్‌లైన్‌కి మారొచ్చు. ఏడాది ఫీజు మాత్రం ఒకేసారి కట్టేయకండి.