కుక్కొచ్చిన కాడ్నుంచి పిల్లి సజ్జ దిగుతలేదు

చెల్లె, నీ మెసేజ్ రెండుసార్లు చదివిన. హనుమకొండల కిరాయి ఇల్లు, రెండు అర్రలు ఒక హాలు, అందుల నువ్వు, మీ ఆయన, పదో తరగతి బిడ్డ, అత్తమ్మ, ఎనిమిదేండ్ల నల్ల పిల్లి, రెండేండ్ల గండు పిల్లి. పోయిన ఆదివారం మీ ఆయన దోస్తు ట్రాన్స్‌ఫర్ అయి పోతూ పోతూ ఏడాదిన్నర దేశీ కుక్కను మీ చేతుల పెట్టి పోయిండు. అదొచ్చిన పది నిమిషాలకే మీ ఆయన "దోస్తులైతరు చూడు" అనుకుంట నల్లదాన్ని ఎత్తుకొచ్చి కుక్క మూతి ముందల పెట్టిండు, అది ఆయన చెయ్యి గీరి సజ్జ ఎక్కింది, కుక్క కింద నిలవడి అరగంట మొరిగింది. తెల్లారి గండు పిల్లి మీ మంచం మీద ఉచ్చ పోసింది. అత్తమ్మేమో కుక్క ఇంట్లకొస్తే లక్ష్మి నిలవదు అంటున్నది, ఆయనేమో నీకు నీ పిల్లులే ఎక్కువ అని మొఖం తిప్పుకొని తిరుగుతున్నడు. కుక్కను ఎవరికన్న ఇచ్చేద్దామా, అలవాటైతయా అని అడిగినవ్.

అలవాటైతయి. కాని అంతకన్న ముందు ఒక ముచ్చట. నల్లది రెండు రోజుల సంది సరిగ్గ తింటలేదు అని మెసేజ్ చివర్ల ఊకెనే ఒక లైన్ రాసినవ్, నాకైతే అదే మొదటి లైన్ కావాలె. కుక్క రెండు రోజులు తినకున్న తట్టుకుంటదేమో గని పిల్లి అట్ల కాదు, రెండు మూడు రోజులు కడుపు మాడితే లివర్‌ల కొవ్వు పేరుకొని పాణం మీదికొస్తది, అందులో బొద్దుగ ఉన్నదైతే ఇంకా తొందరగ. ఇయ్యాల కుక్కను బయట కట్టేసి, ఆ అర్రల తలుపేసి, సజ్జ మీదనే గిన్నె పెట్టు, వాసనొచ్చేటట్టు కొంచెం ఉడకపెట్టిన చికెన్ గోరువెచ్చగ పెట్టు, ఉప్పు ఉల్లిగడ్డ ఎల్లిగడ్డ ఏం వెయ్యకు. రేపు పొద్దుగాల వరకు ముట్టకపోతే పశువుల డాక్టర్ దగ్గరికి తీస్కపో, అదే దిగుతదిలే అని కూసోకు. గండుదాన్ని కూడ చూడు, ఇసుక డబ్బల కూసొని ముక్కుకుంట ఉచ్చ వస్తలేదంటే అది ఎమర్జెన్సీ, మగ పిల్లులకు భయానికి టెన్షన్‌కు మూత్రం దారి బందయితది, ఒకటి రెండు రోజులల్ల చచ్చిపోతయి. మంచం మీద పోసింది పగ పట్టి కాదు చెల్లె, భయానికి. దానికి పిల్లలు కాకుండ చేసే ఆపరేషన్ కాకపోతే అది కూడ ఒక కారణం, చేయించు.

ఇంక మీ ఆయన చెయ్యి. పిల్లులకు రేబిస్ టీకా ఎప్పుడు వేసినవో రాయలే. పంటి గాటైనా గోరు గాటైనా వెంటనే సబ్బు పెట్టి నల్లా కింద పదిహేను నిమిషాలు కడగాలె, పసుపు సున్నం పెట్టుడు కాదు. ఇప్పుడు లేటైనా సరే ఆయనను ఎంజీఎం దవాఖానకో, దగ్గరున్న డాక్టర్ దగ్గరికో తీస్కపోయి చూపియ్యి, సూదులు కావాల్నా వద్దా వాళ్లు చెప్తరు. ఇంట్ల పిల్లే గదా అని ఊకోవద్దు, పిల్లికి కూడ రేబిస్ వస్తది. ఇంకో మాట, కుక్క టీకాల కార్డు ఆ దోస్తు దగ్గర ఉంటే తెప్పించుకో, లేకపోతే అంతా మళ్ల మొదటి సంది, టీకాలు, నులిపురుగుల మందు, దానికి కూడ ఆపరేషన్.

ఇప్పుడు అసలు సంగతికొద్దాం. మీ ఇంట్ల కుక్కకు పిల్లికి కొట్లాట మొదలే కాలేదు, తొందర మొదలైంది. కొత్త కోడలు కాపురానికొచ్చిన రోజే అందరూ కలిసి ఒకటే కంచంల తినాలె అంటే ఎట్లుంటది, గట్లనే ఉన్నది మీ ఆయన చేసింది. మంచికే చేసిండు, నేను తప్పు పడతలేను. నేను కూడ చేసిన ఆ పని, కాజీపేటల ఉన్నప్పుడు, కుక్క ముక్కు మీద గీత ఇప్పటికీ ఉన్నది.

కుక్క బాస వేరు పిల్లి బాస వేరు. కుక్క ముందటి కాళ్లు వంచి ఎనక భాగం లేపితే ఆడుకుందాం రా అని, పిల్లికి అది మీద దునుకబోతున్నట్టు కనిపిస్తది. పిల్లి ఉరికితే కుక్కకు ఉరికే దాని ఎంట ఉరకాలనిపిస్తది, అది దాని గుణం, తిడితే పోదు. అందుకనే మొదటి వారం రెండు వారాలు ఒకదాన్ని ఒకటి చూసుకునుడే వద్దు. నువ్వు పడుకునే అర్ర పిల్లులకు, వాటి ఇసుక డబ్బా, నీళ్లు, ఎక్కి కూసోనీకి ఒక బీరువా మీదనో కిటికీల పాత చద్దరేసి జాగ, అన్నీ అండ్లనే. రెండు పిల్లులుంటే మూడు డబ్బాలు పెట్టాలంటరు, కిరాయి ఇంట్ల అంత జాగ లేకపోతే రెండన్న పెట్టు, కాని కుక్క అందుకోని తావుల. కుక్కలకు పిల్లి పెంట తినే పాడలవాటు ఉంటది, చెప్పుకుంటే ఛీ అనిపిస్తది గని అది నిజం. హాలు కుక్కది. కుక్క బయటికి పోయినప్పుడు పిల్లులు హాల్లకొచ్చి తిరగాలె, దాని గోనె సంచి వాసన చూసుకోవాలె. పిల్లులు పడుకున్న గుడ్డ కుక్క గిన్నె పక్కన, కుక్క పడుకున్న గుడ్డ పిల్లుల గిన్నె పక్కన. కండ్ల కన్న ముందు ముక్కుతోని దోస్తీ.

ఆ తర్వాత తలుపు. ఇది శానా ముఖ్యం, మీ బిడ్డకు అప్పజెప్పు, ఆ పిల్లకు మస్తు నచ్చుతది. మూసిన తలుపుకు అటు పక్క పిల్లి గిన్నె, ఇటు పక్క కుక్క గిన్నె, మొదట తలుపుకు నాలుగైదు అడుగుల దూరం. రెండూ బెదరకుండ తింటే తెల్లారి జానెడు దగ్గరికి జరుపు, ఎవరన్న తినుడు ఆపి తలుపు దిక్కు చూసుకుంట ఉంటే మళ్ల ఎనకకు. మా ఇంట్ల పన్నెండో రోజు అనుకుంట, నేను వంటింట్ల చాయ్ పెట్టుకుంట చూస్తే తలుపు కింద సందుల కెల్లి ఒక తెల్ల పంజా బయటికొచ్చింది, గోర్లు లోపలికే ఉన్నయ్, కుక్క తినుడాపి దాన్ని వాసన చూసి మళ్ల గిన్నెల తలకాయ పెట్టింది. గా రోజు నేను తలుపు తీద్దామనుకున్న, తియ్యలే, ఇంకో నాలుగు రోజులాగిన. ఆగితేనే మంచిగైంది.

ఎదురుపడే రోజు కుక్కను ముందుగాల బాగా తిప్పుకొచ్చి అలిసినంక బెల్టు కట్టి చాప మీద కూసోబెట్టు. పిల్లిని మాత్రం సంకల పెట్టుకొని తేవద్దు, అదే నడిచొస్తే రావాలె, పోతానంటే పోనియ్యాలె, పైకెక్కే తోవ ఉండాలె. అయిదు నిమిషాలు చాలు. కుక్క కండ్లు పిల్లి మీద అతుక్కపోయి, నోరు మూసుకొని, ఒళ్లు కట్టె లెక్క బిగుసుకున్నదంటే అక్కడ ఆపాలె, పేరు పెట్టి పిలువు, తల తిప్పి నిన్ను చూసిందా, చిన్న చికెన్ ముక్క నోట్ల పెట్టు. పిలిస్తే వినపడనట్టుంటే అరవకు, దూరం తీస్కపో, అంతే. పిల్లిని చూసుడు కన్న నిన్ను చూసుడు లాభం అని దానికి తెలువాలె. కొడితే మాత్రం పిల్లి కనిపిస్తే దెబ్బ పడ్తది అని నేర్చుకుంటది, అప్పుడు చూడు తమాషా. పిల్లి బుస్సుమంటే భయపడకు, అది దూరం ఉండు అని మర్యాదగ చెప్పుడే, ఆ మాట కుక్క విని ఎనకకు జరిగితే ఇంక నువ్వు గెలిచినట్టే. వాటి రెంటినీ ఇంట్ల ఒంటరిగ వదిలి పోవుడు మాత్రం కొన్ని వారాలు ఏ గొడవ లేకుండ గడిచినంకనే.

ఒక దెబ్బ నేను తిన్నది చెప్త, నువ్వు తినొద్దు. కుక్కకు గోమార్లు పట్టినయని మెడ మీద పోసే మందు తెచ్చిన, దుకాణంల అన్నిటికీ ఇదే అన్నడు. రాత్రి పిల్లి కుక్కనానుకొని పండుకున్నది, తెల్లారేసరికి పిల్లి గజగజ వణుకుతున్నది, నోట్ల నురుగు. కుక్కల మందులల్ల కొన్నిట్ల పర్మెత్రిన్ ఉంటది, కుక్కకేం కాదు గని పిల్లికి అది విషం. బతికింది, కాని ఆ రెండు రోజులు నాకు అన్నం సయించలే. మందు ఏది కొన్నా ఇంట్ల పిల్లి ఉన్నదని డాక్టర్‌కు చెప్పి రాయించుకో. జ్వరం గోలీ, అదే పారాసిటమాల్, పిల్లికి ముక్క కూడ ఇయ్యొద్దు.

ఇంక నీ సంసారం ముచ్చట. నీ మెసేజ్‌ల ఇంకో లైన్ కూడ నా కండ్లవడ్డది, పోయినేడు మామయ్య పోయినంక మీ ఆయన ఆఫీస్ నుంచి వచ్చి గోడ దిక్కు తిరిగి పండుకునేటోడు, కుక్కొచ్చిన రోజు మళ్ల నవ్విండు అని రాసినవ్. చెల్లె, ఆయన తెచ్చుకున్నది కుక్కను మాత్రమే కాదు. నిన్నడగకుండ తెచ్చుడు తప్పే, అది నువ్వు చెప్పాలె, నెమ్మదిగ ఉన్నప్పుడు చెప్పాలె, "నన్నొక మాట అడిగితే బాగుండు" అని. దాంతోని కుక్కను పంపియ్యి అనే మాట కలపకు. రెండూ కలిపితే ఆయనకు రెండోదే వినవడ్తది.

మీ ఇంట్ల ఇప్పుడు నీ పిల్లులు, నా కుక్క అని రెండు పార్టీలైనయ్. గుడ్డలు మార్చినట్టే మీ పనులు కూడ మార్చుకోండ్రి. పిల్లుల గిన్నె ఇకనుంచి ఆయన పెట్టాలె, సజ్జ మీదికి చెయ్యి చాపి. ఆ చేతికి కుక్క వాసన ఉంటది, ఆ వాసనతోని చికెన్ వస్తుందని నల్లది నేర్చుకుంటది, ఆయనకు కూడ దాని భయమేందో అర్థమైతది. నువ్వేమో కుక్కను పొద్దుగాల ఆరు కొట్టకముందే వడ్డేపల్లి చెరువు కట్ట మీద తిప్పు, ఎండాకాలంల ఎండెక్కితే రోడ్డు కాలుతది దాని పాదాలకు. వారంల రెండు రోజులు ఇద్దరూ కలిసి పోండ్రి. కుక్క మధ్యల ఉంటే మాట్లాడకున్న మాట్లాడినట్టే ఉంటది, అట్లట్ల మాటలొస్తయ్, నేను చూసిన.

అత్తమ్మతోని వాదించకు. కాలభైరవుడి వాహనం కుక్కనే గదా అత్తమ్మా అని ఒకసారి అను, నవ్వుకుంటనే. నిజానికి ఆమె బాధ లక్ష్మి కాదు, దేవుని అర్రల వెంట్రుకలు, వాకిట్ల ఉచ్చ, ఈ వయసుల కాళ్లకు అడ్డం పడ్తదేమోనని. దేవుని అర్ర ముందల పలక అడ్డం పెట్టించు, ఊడ్చేటిది తుడిచేటిది ఆమె మీద వెయ్యకు. మిగిలిన జొన్నరొట్టె ముక్క ఆమె చేతులతోనే కుక్కకు పెట్టనియ్యి, పెట్టే ముందు కూసో అని చెప్పమను. కూసుంటదది. ఒక ముసలామె మాట ఇంట్ల ఎవరో ఒకరు ఠక్కున విన్నరంటే ఆమెకు ఎట్లుంటదో నువ్వే చూస్తవ్.

ఎన్ని రోజులు పడ్తది అంటే, కొన్నిండ్లల్ల మూడు వారాలు, కొన్నిండ్లల్ల మూడు నెలలు. ఒకటే మంచం మీద పండుకుంటయని ఆశ పెట్టుకోకు, ఒకదాన్ని ఒకటి పట్టించుకోకుండ హాల్ల నడిచినా పాసైనట్టే. కాని ఇన్ని చేసినా కుక్క పిల్లిని చూసుడుతోనే వణుక్కుంట, ఊగుకుంట, చికెన్ పెట్టినా చూడకుండ నోటితోని అందుకోబోతే, అది ఆట కాదు వేట. అట్లైతే డాక్టర్‌ను అడిగి, పిల్లుల్లేని మంచి ఇల్లు చూసి ఇయ్యి, రోడ్డు మీద మాత్రం వదలొద్దు. అట్ల ఇచ్చుడు ఓడిపోవుడు కాదు, కాని ఆ నిర్ణయం మీ ఆయన నోట్ల కెల్లి రావాలె, నీ నోట్ల కెల్లి కాదు. ఇంటికొచ్చి ఆరు రోజులే అయిన కుక్కకు ఆ మాట ఇప్పుడే ఎందుకు.

మిగిలినయన్నీ నెల రోజులాగి రాసినా సరే. నల్లది తిన్నదా లేదా, అదొక్కటి రేపే రాయి.