మురుగునీటిలో డ్రగ్ దొరికితే ఎవరో వాడినట్టేనా?

మురుగునీరు పరీక్షించి ఊళ్లో డ్రగ్స్ వాడకం ఎంతో చెప్పేస్తారట, ఏ ఇంట్లో వాడారో కూడా తెలిసిపోతుందా అని అడిగారు. ఇల్లు తెలియదు. శుద్ధి కేంద్రానికి చేరేసరికి లక్షల మంది నీళ్లు కలిసిపోతాయి. ఊరి మొత్తం వాడకం మాత్రం అంచనా కట్టొచ్చు. హైదరాబాద్‌లో ఒక ల్యాబ్‌లో నీటి శాంపిళ్ల పని చేశాను కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

అందరూ మందుల్ని కొలిచే మెషీన్ గురించే అడుగుతారు గానీ అసలు పాట్లన్నీ దానికి ముందే. ఒక్క బాటిల్ ముంచి తెస్తే పనికిరాదు, పొద్దున స్నానాల వేళ వచ్చే నీరు వేరు, అర్ధరాత్రి నీరు వేరు. 24 గంటలపాటు కొంచెం కొంచెంగా తీసి కలపాలి. వెతికేదేమో లీటరుకి నానోగ్రాముల్లో, అంటే గ్రాములో వంద కోట్లవ వంతుల్లో ఉంటుంది. వడకట్టిన నీటిని మందుల్ని పట్టి ఉంచే పొడి నింపిన చిన్న గొట్టం (కార్ట్రిడ్జ్) గుండా చుక్కలుచుక్కలుగా పంపి, అందులో అంటుకున్న మందుల్ని మిథనాల్‌తో దింపి, నైట్రోజన్ వాయువు ఊదుతూ ఆరబెడతాం. అరలీటరు నీళ్లలోని సరుకు ఒక మిల్లీలీటరులోకి వస్తుంది. దాంతోపాటు సబ్బు, జిడ్డు కూడా చిక్కబడి మెషీన్‌లో మందు సిగ్నల్‌ని తొక్కేస్తాయి. అందుకే మామూలు హైడ్రోజన్ బదులు డ్యుటీరియం (బరువైన హైడ్రోజన్) ఉన్న అదే మందుని ముందే కొలిచి కలుపుతాం. అది ఎంత తగ్గి కనిపిస్తే అసలుదీ అంతే తగ్గిందని లెక్క.

ఇంత చేశాక అంకె వస్తుంది. అది ఒంట్లోంచి వచ్చిందా, ఎవరైనా పారబోశారా అన్నది అంకె చెప్పదు. కొకైన్‌కైతే దారుంది: ఒంట్లో అది చాలావరకు బెంజాయిల్‌ఎక్గోనిన్‌గా మారి మూత్రంలో పోతుంది, దాన్నే కొలుస్తారు. 2005లో ఇటలీలోని మారియో నెగ్రి సంస్థవాళ్లు ఇలాగే పో నది రోజుకి సుమారు 4 కిలోల కొకైన్‌కి సమానమైనంత మోసుకెళ్తోందని లెక్కగట్టారు. 2011లో నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్‌లో మురుగునీటిలో ఎండీఎంఏ (ఎక్స్టసీ అనే పార్టీ డ్రగ్) ఉన్నట్టుండి పెరిగితే, ఊరంతా పార్టీ చేసుకుందని ఎవరైనా అనుకుంటారు. ఆ అణువుకి కుడి, ఎడమ అని రెండు రూపాలున్నాయి. ఒళ్లు ఒకదాన్ని త్వరగా కరిగిస్తుంది. శాంపిల్‌లో మాత్రం రెండూ సమానంగా కనిపించాయి, అంటే సరుకు నేరుగా డ్రైనేజీలో పడిందన్నమాట.

మన పటాన్‌చెరు సంగతి ఇంకా ఘోరం. దాదాపు 90 మందుల కంపెనీల వ్యర్థజలాలు శుద్ధయి బయటికొచ్చే చోట లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని స్వీడన్ పరిశోధకులు 2007లో ప్రచురించారు. నానోగ్రాములు కాదు, మిల్లీగ్రాములు! ఆ మాత్ర వేసుకున్న మనిషి రక్తంలోనే అంత ఉండదు. ఇక్కడ మూత్రం లెక్కలతో పనేముంది?

మీ ఊరి వాగు నీళ్లు పరీక్ష చేయించాలనుకుంటే కెఫీన్, పారసెటమాల్, కార్బమజెపైన్ మూడూ కలిపి అడగండి. మొదటి రెండూ మంచి ప్లాంట్‌లో చాలావరకు పోతాయి, కాబట్టి అవి ఎక్కువుంటే శుద్ధి కాని మురుగు కలుస్తోందని అనుమానించాలి. మూర్ఛకి వాడే కార్బమజెపైన్ మాత్రం శుద్ధి చేసినా పెద్దగా పోదు. అదొక్కటే కనిపిస్తే ప్లాంట్‌వాళ్ల మీదికి వెళ్లకండి.