రివర్ట్ అనే మాట జాగ్రత్త

చిట్టితల్లీ,

జూనియర్ అసిస్టెంట్‌గా చేరబోతున్నావని, అందుకని రోజూ పది ఇంగ్లిష్ మాటలు నేర్చుకుంటున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. ఎంత సంతోషమేసిందో! కానీ ఈ రోజు మాటల్లో ‘రివర్ట్’ ఉందనగానే గుండె కలుక్కుమంది.

డిక్షనరీలో అర్థంతో ఆగకు, ఉదాహరణ వాక్యం కూడా చదువు.

రివర్ట్ అంటే మునుపటి స్థితికి తిరిగి వెళ్లడం. లీజు తీరాక స్థలం సొంతదారుకు చేరడమూ అదే. ‘తిరిగి’ అన్నది అందులోనే ఉంది, పక్కన ‘బ్యాక్’ చేర్చకు. జవాబిస్తామనే అర్థంలో మన దేశంలో చాలామంది వాడతారు, మెయిళ్లలో చెల్లిపోతుంది. సర్కారు ఫైల్లో మాత్రం వద్దమ్మా. అక్కడ మనిషిని రివర్ట్ చేయడమంటే ప్రమోషన్ తీసేసి కింది పోస్టుకు పంపడం.

నేను చేరిన కొత్తలో ఒక కంపెనీ ఉత్తరంలో ఆ మాట చూసి మనసు పారేసుకున్నాను. అప్పుడే రికార్డ్ అసిస్టెంట్ నుంచి పైకొచ్చిన ఒకాయన ఇంక్రిమెంట్ కోసం అర్జీ పెట్టుకున్నాడు. ఆయనకు జవాబివ్వాలని రాయాల్సిన చోట, నోట్ ఫైల్లో ‘ఆయన్ని త్వరగా రివర్ట్ చేయవచ్చు’ అని ఇంగ్లిష్‌లో రాసి పైకి పంపాను. ఎవరో చూసి ఆయన చెవిన వేశారు. రాత్రి తొమ్మిదింటికి వానలో మా ఇంటికొచ్చాడు. నాకంటే ఇరవై ఏళ్లు పెద్దవాడు, గడప బయటే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. “నా వల్ల ఏం తప్పు జరిగింది బాబూ? అమ్మాయి పెళ్లి పెట్టుకున్నాను” అన్నాడు. ఆ మాటకు అలాంటి అర్థముందని నాకు అప్పుడే తెలిసింది. పొద్దున్నే సూపరింటెండెంట్ గారి కాళ్లావేళ్లా పడి నోట్ మార్పించాను. ఇంక్రిమెంటూ వచ్చింది. అయినా ఆయన రిటైరయ్యేదాకా నన్ను చూస్తే కుర్చీలోంచి లేచేవాడు. వద్దని ఎన్నిసార్లు చెప్పినా మానలేదు. ఆ లేవడం నాకిప్పటికీ కళ్లల్లో ఉంది.

గొప్పగా ఉందని ఏ మాటా ఎత్తి రాయకు, తెలిసిందా? ‘రిప్లై’ చాలు, ‘ఇన్ఫార్మ్’ చాలు. అనుమానమొస్తే సీనియర్లను అడుగు, చిన్నతనమేం కాదు. అర్ధరాత్రి దాకా మేలుకుని చదువుతున్నావట, కళ్లు అలిసిపోతాయి తల్లీ. నీ మొదటి డ్రాఫ్ట్ పైకి పంపే ముందు నాకు ఫోన్ చేసి చదివి వినిపించు. ఏ వేళైనా ఎత్తుతాను.

మీ పెదనాన్న