తెరలో నాన్న, పక్కన నాయనమ్మ
(పిల్లల మనసు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు)

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది నారాయణపేట జిల్లా మద్దూరు మండలంలోని ఒక పల్లె. కొడుకు, కోడలు పుణెలో కట్టడం పనికి పోయారు. మూడేళ్ళు నిండిన మనుమరాలు నా దగ్గరే ఉంటుంది. రాత్రి పని దిగినాక వాళ్ళు వీడియో కాల్ చేస్తారు. పిల్ల కాసేపు మాట్లాడి, ఫోను నేల మీద పెట్టి ఆటకు పోతుంది. ఒక్కోసారి జొన్నరొట్టె తుంచి, తెర మీద కనబడే నాన్న నోటికి అందిస్తుంది. పిల్లలకు ఫోను చూపించవద్దని అంగన్‌వాడీ టీచరమ్మ అంటున్నది. ఈ కాల్స్ కూడా మానిపించాలా? బిడ్డ తమను మరిచిపోతుందేమోనని నా కొడుకు బాధపడుతున్నాడు.
– ఒక నాయనమ్మ

జవాబు: మానిపించవద్దమ్మా. టీచరమ్మ చెప్పిన జాగ్రత్త సరైనదే, కానీ అది ఈ కాల్స్‌కు వర్తించదు. రెండేళ్ళలోపు పిల్లలకు తెర అసలే వద్దని, రెండు నుంచి ఐదేళ్ళ వారికి రోజుకు గంట దాటనీయవద్దని చెప్పే మన దేశపు పిల్లల వైద్యుల సంఘం, ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, బంధువులతో అప్పుడప్పుడు చేసే వీడియో కాల్‌ను మాత్రం ఆ పసివాళ్ళకు సైతం మినహాయించింది.

ఆ మినహాయింపు వెనుక గట్టి కారణమే ఉంది. 2003లో పిల్లల భాషాభ్యాసాన్ని పరిశోధించే పాట్రీషియా కూల్ బృందం అమెరికాలో తొమ్మిది నెలల పిల్లలకు చైనా వారి మాండరిన్ భాష వినిపించింది. మనిషి ఎదురుగా కూర్చుని, ఆడిస్తూ, పుస్తకం చదివి వినిపించినప్పుడు పిల్లలు ఆ భాషలోని ధ్వనుల తేడాను పట్టుకోగలిగారు. అవే మాటలు టీవీలో చూసిన పిల్లలు పట్టుకోలేకపోయారు. 2014లో వెలువడిన మరో అధ్యయనంలో రెండు, రెండున్నరేళ్ళ పిల్లలకు కొత్త మాటలు నేర్పితే, ఎదుట కూర్చుని నేర్పినప్పుడూ నేర్చుకున్నారు, వీడియో కాల్‌లో నేర్పినప్పుడూ నేర్చుకున్నారు, ముందే తీసి పెట్టిన వీడియో చూపినప్పుడు మాత్రం నేర్చుకోలేదు. తెర రెండింటిలోనూ ఉంది. కాల్‌లో ఉన్న మనిషి ఈ పిల్ల మాటకు, ఈ పిల్ల నవ్వుకు, అప్పటికప్పుడు బదులిస్తాడు. పాటల వీడియో పిల్ల ఉన్నా లేకపోయినా తన దారిన తాను నడుస్తుంది. అందుకే పిల్ల ఎన్ని నిమిషాలు ఫోను చూసిందన్న దానికంటే, అవతలి నుంచి ఎవరైనా పలికారా లేదా అన్నది నేను ముందు అడుగుతాను.

రొట్టె అందించడం చూసి నవ్వుకోండి, కంగారుపడకండి. మూడేళ్ళ పిల్లకు తాను చూస్తున్నది ఒకటి, ఎదుటివారికి కనబడేది మరొకటి అన్న తేడా ఇంకా గట్టిపడదు. స్విట్జర్లాండ్‌కు చెందిన మనస్తత్వవేత్త జాన్ పియాజే పిల్లల ముందు మూడు కొండల నమూనా పెట్టి, అవతలి వైపున్న బొమ్మకు ఏమి కనబడుతుందని అడిగితే, చిన్న పిల్లలు తమకు కనబడేదే చెప్పేవారు. ఆటను సులువు చేస్తే నాలుగేళ్ళ వారు కూడా సరిగా చెప్పగలరని తరువాతి పరిశోధకులు చూపించారు కాబట్టి, ఆయన పెట్టిన వయసులను రాతి మీది గీతలుగా తీసుకోనక్కరలేదు. మీ మనుమరాలు ఫోను నేల మీద పెట్టి పోయినప్పుడు నాన్నకు పైకప్పు తప్ప ఏమీ కనబడదని ఆమెకు తోచదు. తాను మేకపిల్లను చూస్తున్నది కాబట్టి నాన్న కూడా చూస్తున్నాడనుకుంటుంది.

ఇక్కడే మీ అవసరం ఉంది. ఫోను మీరు పట్టుకోండి. పిల్ల ఎటు పోతే అటు తిప్పండి, "నాన్నకు మేకపిల్ల కనబడుతలేదంట, ఇటు చూపించు" అనండి. ఈ వయసు పిల్లలు ఫోనులో తల ఊపి ఊరుకుంటారు, ఆ సైగను మీరు మాటగా మార్చి అవతలికి చెప్పండి. "తిన్నావా, బాగున్నావా" అన్న ప్రశ్నలకు ఈ వయసులో జవాబు రాదని మీ కొడుకుకు చెప్పండి. దానికి బదులు ఆయన మొహానికి తువ్వాలు అడ్డం పెట్టుకుని తీయడం, కలిసి అన్నం తినడం, తెలిసిన పాటలో ఒక మాట వదిలేసి పిల్లను పూరించమనడం వంటివి చేస్తే కాల్ దానంతట అదే సాగుతుంది. పది నిమిషాలకే పిల్ల లేచిపోతే పోనివ్వండి.

ఇంకొక్క విషయం. సిగ్నల్ పోయి నాన్న మొహం తెర మీద బిగుసుకుపోతే, వెంటనే "ఫోను ఆగింది, నాన్న మళ్ళీ చేస్తాడు" అని చెప్పండి. 1970లలో మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ ట్రోనిక్ చేసిన ప్రయోగంలో, తల్లి ఆడిస్తూ ఆడిస్తూ ఉన్నట్టుండి మొహం కదలకుండా పెడితే, నెలల పిల్లలు మొదట నవ్వి, చేతులు చాచి ఆమెను మళ్ళీ రప్పించడానికి చూసేవారు, ఫలితం లేకపోతే మొహం తిప్పుకుని దిగులుపడేవారు. నెట్‌వర్క్ చేసే పని అంత కఠినమైనదని నేను అనను గానీ, కారణం చెప్పే మనిషి పక్కన ఉండడం మంచిది.

మరిచిపోవడం గురించి: కనబడని మనిషి కూడా ఉన్నాడని మూడేళ్ళ పిల్లకు తెలుసు, తెలియనిది కాలం. "రెండు నెలలకు వస్తారు" అంటే ఆమెకు అర్థం కాదు, "బతుకమ్మ పేర్చే రోజులకు వస్తారు" అంటే కొంత అర్థమవుతుంది. వాళ్ళు దసరాకు వచ్చినప్పుడు పిల్ల మీ కొంగు వెనుక దాక్కుంటే అది మరపు కాదని, ఎత్తుకోవడానికి తొందరపడవద్దని మీ కొడుకుకు ముందే చెప్పి ఉంచండి.

ప్రశ్న: మేము నల్లగొండ పట్టణంలో ఉంటాము. ఐదో తరగతి చదివే మా బాబు ఏ సందేహం వచ్చినా ఫోన్‌నే అడుగుతాడు. "మా తాత పళ్ళు ఎందుకు గారపట్టాయి" అని కూడా, తాత పక్కనే ఉండగా, ఫోన్‌ను అడిగాడు. ఫ్లోరైడ్ అని సరైన సమాధానమే వచ్చింది. మరి ఇందులో నష్టమేమిటి?
– ఒక తండ్రి

జవాబు: సమాధానం సరైనదే కాబట్టి నష్టం కంటికి కనబడదు. పదేళ్ళ పిల్లవాడు చేతికి, కంటికి అందే వాటి మీద చక్కగా తర్కించగలడు. ఫ్లోరైడ్ వాడికి ఒక పేరు మాత్రమే. అదే తాతను అడిగి ఉంటే, ఏ ఊళ్ళో ఏ బావి నీళ్ళు తాగారు, ఆ ఈడు వారందరికీ అలాగే ఉందా, తరువాత పుట్టిన చిన్నత్త పళ్ళు ఎందుకు తెల్లగా ఉన్నాయి అన్న ప్రశ్నలు వరుసగా వచ్చేవి, కారణాన్ని వాడే వెదికి పట్టుకునేవాడు. పియాజే పుట్టిన 1896లోనే పుట్టి, ముప్పై ఏడేళ్ళకే క్షయతో చనిపోయిన రష్యా పండితుడు లెవ్ విగోత్‌స్కీ చెప్పినది ఇదే: పిల్లవాడు ఈ రోజు ఇంకొకరి సాయంతో చేయగలిగిన పని రేపు ఒంటరిగా చేస్తాడు. సాయం చేసేవాడు ఎంత తక్కువైందో అంతే అందించాలి. అడిగిందే తడవుగా మొత్తం అందిస్తే చేయడానికి ఏమీ మిగలదు.

తాగే నీళ్ళలో ఫ్లోరైడ్‌ను తగ్గించడానికి నాగపూర్‌లోని నీరి అనే జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ పటిక, సున్నంతో రూపొందించిన పద్ధతికి మన నల్లగొండ పేరే పెట్టారు. ఫ్లోరైడ్ కంటికి కనబడదు గానీ, గ్లాసుడు బురద నీళ్ళలో పటిక ముక్క తిప్పితే మట్టి దిగడం కనబడుతుంది. ఎంతసేపటికి తేరుకుంటుందో ముందు ఊహించి చెప్పమనండి (ఆ నీళ్ళు తాగనివ్వకండి). ఊహ, తాత, ఆ తరువాత ఫోను: ఈ వరుస పాటిస్తే చాలు. ఫ్లోరైడ్ ఎముకకు ఏమి చేస్తుందో తాతకంటే ఫోనే బాగా చెబుతుంది, దాన్ని దాచవలసిన పని లేదు. నిజానికి వాడి చదువు కంటే, తన గురించి మనుమడు అడిగిన ప్రశ్న తన దాకా రాని ఆ తాత గురించే నాకు ఎక్కువ అనిపించింది.

ప్రశ్న: వనపర్తిలో మహిళా సంఘం లెక్కలు చూస్తాను, పనంతా ఫోన్‌లోనే. నేను ఫోను చూస్తుంటే రెండేళ్ళ పాప నా గడ్డం పట్టి మొహం తన వైపు తిప్పుకుంటుంది. పాపకు నేను ఫోను ఇవ్వను. అయినా తప్పు చేస్తున్నానా?
– ఒక తల్లి

జవాబు: పని తప్పు కాదు, మాట మధ్యలో తెగడం చేటు. 2017 నాటి ఒక అధ్యయనంలో తల్లులు తమ రెండేళ్ళ పిల్లలకు రెండు కొత్త మాటలు నేర్పారు. ఒక మాట నేర్పుతుండగా మధ్యలో ఫోను వచ్చింది. రెండు మాటలూ పిల్లలు విన్నది అన్నేసి సార్లే అయినా, ఫోను అడ్డం వచ్చిన మాట వారికి పట్టుబడలేదు. కనుక లెక్కలు ముక్కలు ముక్కలుగా కాకుండా ఒకే విడత కూర్చుని చూసుకోండి. పాపతో మాట్లాడుతుండగా ఫోను మోగితే ఆ మాట ముగించి, "అమ్మ లెక్క రాసి వస్తుంది" అని చెప్పి అప్పుడు ఎత్తండి. సంఘం వాళ్ళు రెండు నిమిషాలు ఆగగలరు.