సర్వీసుకు ఇచ్చిన కారు అక్కడే పోతే బాధ్యత ఎవరిది? ఒక మెకానిక్ సమాధానం

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. కారు సర్వీసుకు ఇచ్చారు. పని మిగిలిందని రాత్రికి అక్కడే ఉంచుకున్నారు. లోపల చోటు లేక గేటు బయట రోడ్డు పక్కన నిలిపారు. తెల్లవారేసరికి కారు లేదు. ఇప్పుడు మేనేజరు, కారు సర్వీసుకు తీసుకున్నట్టు ఇచ్చే జాబ్ కార్డు వెనక ‘వాహనాలు యజమానుల బాధ్యతపైనే ఉంచబడును’ అని అచ్చువేసిన వాక్యం చూపించి, మీ బీమా కంపెనీని అడగండి, మాకేం సంబంధం లేదు అంటున్నారు.

సంబంధం ఉంది. బాధ్యత ముందుగా వాళ్లదే. నేను వకీలును కాను. గుంటూరులో 22 ఏళ్లుగా టూవీలర్ మెకానిక్ షెడ్డు నడుపుతున్నాను. నా షెడ్డు ముందు నుంచే ఒక కస్టమరు బండి పోయింది. అందుకే ఈ విషయం గురించి ఇంత గట్టిగా చెప్పగలుగుతున్నాను.

2016 వేసవి అది. మిర్చి యార్డులో గుమస్తాగా పనిచేసే ఒక పెద్దాయన ఉదయాన్నే స్ప్లెండర్ ఇచ్చి, సాయంత్రం వస్తానని వెళ్లారు. ఆయిలు మార్చాను, చైను బిగించాను, ట్యాపెట్లు స్వయంగా సర్దాను. మా కుర్రాడు ట్రయల్ చూసి వచ్చి, బండిని షెడ్డు ఎదురుగా రోడ్డు వారన మిగతా బండ్ల పక్కన స్టాండు వేశాడు. తాళం చెవి బండికే ఉంచేశాడు. లోపల తాళాలు తగిలించే మేకుల పలక ఉంది. ప్రతి తాళానికీ అట్టముక్క మీద నంబరు రాసి కట్టేవాళ్లం. కానీ పది నిమిషాల్లో ఆయన వస్తారు కదా అని అలా వదిలేశాం. ఆ రోజు ఒక్కటే కాదు, రోజూ అలాగే చేసేవాళ్లం.

నేను కింద కూర్చుని ఇంకో బండి ఆయిలు దింపుతున్నాను. వెనక స్ప్లెండర్ స్టార్టయిన చప్పుడు వినిపించింది. అది ఆ బండే అని చెవికి తెలుస్తూనే ఉంది. కుర్రాడు మరోసారి ట్రయల్‌కు వెళ్తున్నాడనుకున్నాను, తల తిప్పలేదు. కాసేపటికి ఆ కుర్రాడే టీ గ్లాసులు పట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు. నా చేతిలోని స్పానరు జారి ఆయిలు పళ్లెంలో పడింది. ఇద్దరం రెండు వైపులకూ పరుగెత్తాం. ఎక్కడా లేదు. ఏడింటికి ఆయన ఖాళీ క్యారేజీ చేత్తో పట్టుకుని వచ్చి, ‘ఏమయ్యా, అయిందా?’ అని అడిగారు. ఆ మాటకు జవాబు చెప్పడం నా జీవితంలో చాలా కష్టమైన పని.

ఆ రాత్రే ఇద్దరం పోలీసు స్టేషనుకు వెళ్లాం. బండి ఆయన పేరున ఉంది కాబట్టి ఆయనే ఫిర్యాదు ఇవ్వాలేమో అనుకున్నాను. అవసరం లేదట. దొంగతనం అంటే ఎవరి స్వాధీనంలో ఉన్న వస్తువును వాళ్ల అనుమతి లేకుండా తీసుకుపోవడం. బండి అప్పుడు నా స్వాధీనంలో ఉంది. నేనే ఫిర్యాదు రాసి సంతకం పెట్టాను, తాళం బండికే ఉందన్న సంగతితో సహా. తోటి మెకానిక్ ఒకరు, ‘ఇంటి ముందు పోయిందని రాయించు, నీ మీదికి రాదు’ అని సలహా ఇచ్చారు. నా నోటితో ఆ పెద్దాయనను అబద్ధం చెప్పమని అడగలేకపోయాను. ఆయనకు ఉన్నది థర్డ్ పార్టీ బీమా ఒక్కటే. దానికి దొంగతనం వర్తించదు, పైసా రాదు. అదే మోడలు పాత బండి అప్పట్లో ముప్పైవేలకు దొరికేది. వెంటనే 10,000 ఇచ్చి, మిగతాది నెలకు 2,500 చొప్పున ఎనిమిది నెలలు కట్టాను. బండి దొరకలేదు.

గుంటూరు కోర్టులో జూనియర్‌గా ఉన్న మా మేనల్లుడు అప్పుడు నాకు చట్టం చదివి వినిపించాడు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలో బెయిల్‌మెంట్ అని ఒక అధ్యాయం ఉంది. ఒక పని కోసం వస్తువును అప్పగించి, పని కాగానే తిరిగి తీసుకోవడమే బెయిల్‌మెంట్. బట్టలు చాకలికి వేసినా, నగ మెరుగుకు ఇచ్చినా, బండి సర్వీసుకు ఇచ్చినా అంతే. 151వ సెక్షను ప్రకారం, అదే పరిస్థితుల్లో మామూలు వివేకం ఉన్న మనిషి అంతే విలువైన తన సొంత వస్తువును ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో, అప్పగింత తీసుకున్నవాడు ఈ వస్తువునూ అంత జాగ్రత్తగా చూడాలి. అన్ని రకాల అప్పగింతలకూ ఇదే కొలత కాబట్టి, ఉచిత సర్వీసు అనో, ఇంకా బిల్లు కట్టలేదు అనో తప్పించుకోవడానికి లేదు. పెద్ద షోరూము అయినా, నా లాంటి చిన్న షెడ్డు అయినా సెక్షను ఒకటే.

152వ సెక్షను మెకానిక్ వైపు కూడా చూస్తుంది. అంత జాగ్రత్తా తీసుకున్నాక వస్తువు పోతే, వేరే ఒప్పందం లేనప్పుడు అతని బాధ్యత లేదు. ఇది న్యాయమే. షట్టరు వేసి, తాళం బిగించి, కాపలా పెట్టినా గోడ పగలగొట్టి తీసుకుపోతే ఆ మెకానిక్‌నూ బాధితుడిగానే చూడాలి. కానీ ఆ జాగ్రత్త తీసుకున్నానని నిరూపించాల్సింది అతనే, మీరు కాదు. మీ విషయంలో కారును గేటు బయట రోడ్డు మీద నిలిపారు. తన సొంత కొత్త కారును ఆ మేనేజరు రాత్రంతా అలా వదిలేస్తారా?

అచ్చు వాక్యం సంగతి 2019 నవంబరు 14న సుప్రీంకోర్టు చెప్పిన తీర్పులో ఉంది. 1998 ఆగస్టులో ఢిల్లీలోని తాజ్ మహల్ హోటలుకు వచ్చిన ఒకాయన తన మారుతి జెన్ తాళాన్ని హోటలు సిబ్బందికి ఇచ్చి లోపలికి వెళ్లారు. ఇంకో కారులో వచ్చిన కుర్రాళ్లలో ఒకడు బల్ల మీద ఉన్న ఆ తాళం తీసుకుని జెన్‌ను తోలుకుపోయాడు. హోటలు ఇచ్చిన చీటీ మీద కూడా ‘యజమాని బాధ్యతపైనే’ అన్న అర్థం వచ్చే మాటలున్నాయి. తన సిబ్బంది నిర్లక్ష్యం వల్ల జరిగిన నష్టం నుంచి ఆ మాటలు హోటలును కాపాడవని, నిర్లక్ష్యం లేదని హోటలే నిరూపించుకోవాలని న్యాయమూర్తులు మోహన్ ఎం. శాంతనగౌడర్, అజయ్ రస్తోగీ తేల్చారు. బల్ల మీద తాళం అన్నచోట నేను చదవడం ఆపేశాను. బండికి వదిలేసిన మా తాళం గుర్తొచ్చింది.

ఆ కేసులో మీకు పనికొచ్చే సంగతి ఇంకొకటి ఉంది. కారు యజమానికి బీమా కంపెనీ ముందే 2.80 లక్షలు చెల్లించింది. ఆ తర్వాత కంపెనీ, యజమాని కలిసి హోటలు మీద కేసు నడిపారు. బీమా ఉన్నంత మాత్రాన సర్వీసు సెంటరు బాధ్యత పోదు. డబ్బు చెల్లించిన కంపెనీ మీ స్థానంలో నిలబడి వాళ్లను అడుగుతుంది. అందుకే సర్వీసు సెంటరు వాళ్లు ఎంతో కొంత చేతిలో పెట్టి, ఇక మీకు వాళ్ల మీద ఏ హక్కూ లేదని రాసిన కాగితం మీద సంతకం అడిగితే అసలు పెట్టకండి. ఆ కాగితం చూపి బీమా కంపెనీ మీ క్లెయిము తిరస్కరించవచ్చు.

ఎఫ్ఐఆర్ ఇంకా నమోదు కాకపోతే ఇవాళే చేయించండి. 2024 జూలై 1 నుంచి దొంగతనం భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షను కిందకు వస్తుంది. ఫిర్యాదులో కారు ఇచ్చిన తేదీ, సమయం, జాబ్ కార్డు నంబరు, తాళం ఎవరి చేతికి ఇచ్చారన్నది స్పష్టంగా రాయండి. ఎఫ్ఐఆర్ ప్రతి మీకు ఉచితంగా ఇవ్వాలి. స్టేషనులో తీసుకోకపోతే జిల్లా ఎస్పీకి రాతపూర్వకంగా పంపవచ్చు. రెండు రోజులు చూద్దాం అని మేనేజరు అంటే ఆగకండి. అదే రోజు బీమా కంపెనీకి కూడా తెలియజేయండి. సమాచారం ఆలస్యమైనా, ఎఫ్ఐఆర్ వెంటనే ఇచ్చి ఉంటే ఆ ఒక్క కారణంతో క్లెయిము తోసిపుచ్చకూడదని 2020 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా ఆ వాదన దాకా వెళ్లే పరిస్థితి మీరు తెచ్చుకోవద్దు.

బీమా కంపెనీ రెండు తాళాలూ అడుగుతుంది. ఒకటి సర్వీసు సెంటరులో ఉంది కాబట్టి, అది మా దగ్గర ఇచ్చారు అని వాళ్ల చేత రాయించుకుని ముద్ర వేయించండి. ఇది మరవకండి. రెండో తాళం చూపలేక క్లెయిములు నెలల తరబడి ఆగిపోయినవాళ్లు నా కస్టమర్లలోనే ఉన్నారు. కారు ఇంటి దగ్గర పోయిందని చెప్పమని ఎవరైనా అడిగితే ససేమిరా ఒప్పుకోకండి. జాబ్ కార్డులో తేదీ ఉంటుంది, కెమెరాల్లో బండి ఉంటుంది. ఆ ఒక్క అబద్ధంతో బీమా, కేసు రెండూ చేజారతాయి. కారు మీద అప్పు ఉంటే బ్యాంకుకు కూడా తెలియజేయండి. బీమా సొమ్ము ముందు బ్యాంకుకే వెళ్తుంది, అప్పటిదాకా వాయిదాలు ఆపకూడదు.

బీమా ఇచ్చేది పాలసీలో రాసిన విలువ వరకే. మూడో ఏడు నడుస్తున్న కారుకు కొత్త కారు ధరలో 30 శాతం తగ్గించి ఆ విలువ కడతారు. అందులోకి రాని నష్టం, ఈ రోజుల్లో మీరు కట్టిన టాక్సీ ఖర్చు, పడిన ఇబ్బంది సర్వీసు సెంటరు నుంచి అడగవచ్చు. ముందు స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. స్పందన లేకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు, గడువు రెండేళ్లు. సర్వీసుకు చెల్లించిన సొమ్ము అయిదు లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. ఎలా మొదలుపెట్టాలో తెలియకపోతే వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు ఫోను చేయండి.

వీటన్నిటికంటే ముందు చేయాల్సింది ఒకటుంది. సర్వీసు సెంటరు కెమెరాలు, ఎదురు దుకాణాల కెమెరాలు కొన్ని రోజుల్లో పాత రికార్డింగు మీదే కొత్తది రాసేస్తాయి. ఆ రాత్రి దృశ్యాలు చెరిపేయకుండా భద్రపరచమని రాతపూర్వకంగా అడిగి, అందిందని సంతకం తీసుకోండి. ఆ కాగితం ప్రతిని కేసు చూస్తున్న ఎస్ఐకి కూడా ఇవ్వండి. మా షెడ్డు ఎదురుగా ఉన్న మందుల దుకాణంలో కెమెరా ఉండేది. నేను వెళ్లి అడిగేసరికి పది రోజులు దాటిపోయింది.